కోరపన్ను రాలేదు, ఎక్స్‌రేలో గడ్డ ఉందన్నారు... కేన్సరా?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్లు. పైన కుడివైపు కోరపన్ను వచ్చి ఏడాది దాటింది. ఎడమవైపు ఇంకా పాలపన్నే ఉంది. నొప్పి లేదు గానీ చిగురు కాస్త ఎత్తుగా కనిపిస్తోంది. పళ్ల డాక్టరు ఎక్స్‌రే తీసి 'ఓడంటోమా' అనే గడ్డ ఉంది, ఆపరేషన్ చేయించాలన్నారు. ఇది కేన్సరా? ఆడపిల్ల, ముఖాన మచ్చ పడుతుందని మా అత్తగారు వద్దంటున్నారు.
– ఒక తల్లి, రాయగడ

జవాబు: ఓడంటోమా కేన్సర్ కాదమ్మా. ముందు ఆ టెన్షన్ వదిలేయండి. పన్ను తయారు కావాల్సిన పదార్థమే దారితప్పి అక్కడ పోగుపడింది, అంతే. ముందు పళ్ల దగ్గర వచ్చే రకంలో బియ్యపు గింజలంత చిట్టి పళ్లు ఒక తిత్తిలో గుంపుగా ఉంటాయి. వెనక దవడ పళ్ల దగ్గరైతే ఆకారం లేని ముద్దలా ఉంటుంది. నొప్పి ఉండదు కాబట్టి, పన్ను ఎందుకు రాలేదని ఎక్స్‌రే తీసినప్పుడే చాలామందిలో బయటపడుతుంది.

పై కోరపన్ను మామూలుగా 11–12 ఏళ్లకు వస్తుంది. ఒకవైపు వచ్చి ఆరు నెలలైనా రెండోవైపు రాకపోతే ఎక్స్‌రే తీయించాల్సిందే. మీ డాక్టరు చేసింది సరైన పనే. ఓపీజీ ఎక్స్‌రేలో రెండు దవడలూ కనిపిస్తాయి. లోపలి కోరపన్ను పక్క పంటి వేరును నొక్కుతోందన్న అనుమానముంటే దవడను 3డిలో చూపే సీబీసీటీ స్కాన్ అడుగుతారు, అందరికీ అక్కర్లేదు.

నొప్పి లేదు కదా అని వదిలేస్తే అసలు పన్ను లోపలే ఇరుక్కుపోతుంది. కొందరిలో దాని చుట్టూ నీటితిత్తి ఏర్పడి ఎముకను కరిగిస్తుంది కూడా.

మీ అత్తగారితో చెప్పండి, కోత నోటి లోపల చిగురు మీదే పెడతారు, ముఖాన చిన్న గీత కూడా ఉండదు. సాధారణంగా మత్తు ఇంజెక్షన్ ఇచ్చి పాలపన్ను, గడ్డ, దాని తిత్తి తీసేసి కుట్లు వేస్తారు. సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. పూర్తిగా తీస్తే మళ్లీ రావడం అరుదు. గడ్డతో పాటు కోరపన్ను కూడా పీకేస్తామంటే మాత్రం ఎందుకని గట్టిగా అడగండి. అడ్డు తొలగాక అది తనంతట తానే దిగొచ్చు. దిగకపోతే దానికి చిన్న బ్రాకెట్ అతికించి, క్లిప్పుల డాక్టరు నెలల తరబడి మెల్లగా కిందికి లాగుతారు. ఓపిక కావాలి గానీ, సొంత పన్నుకు సాటి లేదు.

తీసిన గడ్డను బయాప్సీకి పంపమనండి. ఖర్చు దండగని కొందరు మానేస్తారు, నాకది నచ్చదు. ఎక్స్‌రే చూసి చెప్పేది అంచనాయే. వాపు త్వరగా పెరిగినా, పళ్లు కదిలినా, పెదవి మొద్దుబారినా, ఎక్స్‌రేలో తెల్లటి గింజలకు బదులు పెద్ద నల్లటి ఖాళీ ఉన్నా అది వేరే జబ్బు కావచ్చు. అప్పుడు ఒక్క వారం కూడా ఆగకండి.

కటక్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మీకు పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖ రైలే దగ్గర. ఎక్కడికెళ్లినా నోటి సర్జన్, క్లిప్పుల డాక్టరు ఇద్దరూ ఉన్నచోటికే వెళ్లండి. మీ ఒడిశా ఆరోగ్య కార్డు ఆంధ్రాలో చెల్లుతుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.