యూనిట్ టెస్టులు రాస్తే అమ్మాయి టెస్టర్‌గానే మిగిలిపోతుందా?

ప్రశ్న: బీటెక్ అయ్యాక మా అమ్మాయి అమీర్‌పేటలో రియాక్ట్ నేర్చుకుంటోంది. ఇప్పుడు కాంపొనెంట్ లైఫ్‌సైకిల్‌కి యూనిట్ టెస్టులంటూ కూర్చుంది. టెస్టింగ్‌లోకి వెళ్తే డెవలపర్ ఉద్యోగం రాదని బంధువులు అంటున్నారు. మాన్పించి ఏఐ కోర్సులో చేర్చమంటారా? రెంటిలో ఏది మేలు? - ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ భయంతో నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు చాలామందేనండీ. యూనిట్ టెస్టు అంటే ప్రోగ్రామ్‌లో ఒక్కో చిన్న భాగం సరిగ్గా పనిచేస్తోందా అని చూసే కోడ్. దాన్ని రాసేది సాధారణంగా వేరే టెస్టర్ కాదు, ఆ భాగాన్ని రాసిన డెవలపరే. మీ అమ్మాయి దారి తప్పలేదు, అసలు పనిలోకి దిగింది.

రియాక్ట్ అంటే వెబ్‌సైట్ల స్క్రీన్లు తయారుచేసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ. స్క్రీన్‌లో ఒక్కో ముక్కని కాంపొనెంట్ అంటారు, అది రావడం, మారడం, పోవడమే దాని లైఫ్‌సైకిల్. ఓటీపీ స్క్రీన్ మీద 30 సెకన్ల టైమర్ చూసే ఉంటారు. స్క్రీన్ రాగానే అది మొదలవ్వాలి, స్క్రీన్ పోగానే ఆగాలి. మొదలుపెట్టడం అందరూ రాస్తారు, ఆపడమే మర్చిపోతారు. పైకి ఏమీ తెలీదు, లోపల టైమర్ తిరుగుతూనే ఉంటుంది. ఇదివరకు ఇలాంటప్పుడు రియాక్ట్ కన్సోల్‌లో, అంటే డెవలపర్‌కి సందేశాలు కనిపించే చోట, ఓ హెచ్చరిక చూపేది, 2022లో వచ్చిన రియాక్ట్ 18 నుంచి అదీ తీసేశారు. అందుకే జెస్ట్ అనే టెస్టింగ్ టూల్‌లో ఫేక్ టైమర్లు (మనం జరిపితేనే జరిగే ఉత్తుత్తి గడియారాలు) పెట్టి, కాంపొనెంట్‌ని రెండర్ చేసి (స్క్రీన్ మీదికి తెచ్చి), వెంటనే అన్‌మౌంట్ చేసి (తీసేసి), సమయాన్ని ముందుకు జరిపి, టైమర్ నడిపే ఫంక్షన్ మళ్లీ నడిచిందా అని చూస్తారు. 2019లో రియాక్ట్‌లో హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చాక, స్క్రీన్ రాగానే చేయాల్సిన పనికి పాత కాంపొనెంట్‌డిడ్‌మౌంట్ బదులు యూజ్‌ఎఫెక్ట్ రాస్తున్నా, చూడాల్సింది మాత్రం ఇదే.

ఇక ఏఐ కోర్సు. నాకు వీటి మీద నమ్మకం తక్కువ, దాచను. ఎవరో తయారుచేసిన ఏఐని ఏపీఐ ద్వారా, అంటే మన ప్రోగ్రామ్ నుంచి అడిగి, వాడుకోవడం నేర్పి, చేతిలో సర్టిఫికెట్ పెట్టి పంపేవే ఎక్కువగా చూస్తున్నాను. టెస్టులు కూడా ఏఐ రాసిస్తుంది కదా అంటారు, రాస్తుంది, కానీ టైమర్ ఆపే లైను తీసేసినా పాసయ్యే టెస్టు రాసిచ్చినప్పుడు ఇది పనికిరాదని పట్టుకోవాల్సింది మనిషే, ఆ చూపు ఇప్పుడు మీ అమ్మాయికి వస్తోంది.

కాస్త కటువుగానే అడుగుతాను. తను ఏం నేర్చుకుంటోందో ఒక్కసారైనా తననే అడిగారా? బంధువులు ఫోన్ చేసినప్పుడల్లా కోర్సు మారిస్తే ఏ పిల్లకైనా ఏం వస్తుంది? తన ముందే ఈ మాటలు అంటుంటే రేపు ఇంటర్వ్యూలో ఏ ధైర్యంతో కూర్చుంటుంది?

టెన్షన్ పడకండి. చేస్తున్న ప్రాజెక్టు పూర్తిచేసి, టెస్టులతో సహా గిట్‌హబ్‌లో, అంటే కోడ్‌ని నలుగురూ చూసేలా పెట్టే సైట్‌లో, పెట్టమనండి. ఆ తర్వాత కూడా తనకే ఏఐ మీద మనసుంటే పైథాన్, స్టాటిస్టిక్స్ నుంచి నిదానంగా మొదలుపెట్టొచ్చు. ఆ కోర్సుకి ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకండి.