కారు ఛార్జింగ్‌కి బయట సాకెట్: ఉన్న లైన్ నుంచి మాత్రం లాగొద్దు

వరండాలో ఉన్న 16 ఆంప్స్ సాకెట్ నుంచే వైరు లాగి, కారు పెట్టే చోట బయటి గోడకి ఇంకో సాకెట్ బిగించుకోవచ్చా అని అడిగారు. వద్దండీ, మెయిన్ బోర్డు నుంచి విడిగా లైన్ వేయించుకోండి. మా ఇంట్లోనూ ఎలక్ట్రీషియన్ మోటారు లైన్ పక్కనే ఉంది కదా, అందులో కలిపేస్తా, గంటలో పనైపోతుంది అన్నాడు, నేను ఒప్పుకోలేదు. గీజరైనా ఇస్త్రీపెట్టైనా వేడెక్కగానే ఆగిపోతుంది, కారు అలా కాదు, 10 ఆంప్స్ లాగినా 230 వోల్టుల దగ్గర 2.3 కిలోవాట్లు, ఆ లెక్కన 30 యూనిట్ల బ్యాటరీ ఖాళీ నుంచి నిండాలంటే 13 గంటల పైనే, అంతసేపూ వైరు మీద లోడు తగ్గదు.

మేం 4 ఎస్‌క్యూ ఎంఎం (చదరపు మిల్లీమీటర్లు, వైరు మందం లెక్క) రాగి వైరు వేయించాం, మధ్యలో ఎక్కడా జాయింట్ లేకుండా. బోర్డు దూరమైతే 6 వేయించండి. ఆ లైన్‌కి సొంతంగా ఎంసీబీ (లోడు మించితే లైన్ ఆపేసేది), 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసేది) ఉండాలి, అదీ టైప్ ఏ అని అడిగి తీసుకోండి, ఎందుకంటే లీకేజీలో డీసీ కలిస్తే టైప్ ఏసీ అనే ఇంకో రకం దాన్ని సరిగ్గా పట్టుకోలేదు.

ఎర్తింగ్ విషయంలో అస్సలు రాజీ పడకండి. కారుతో వచ్చే ఛార్జర్లు చాలావరకు ఎర్త్ సరిగా లేకపోతే ఎర్రలైటు చూపించి ఆగిపోతాయి. అప్పుడు కొందరు సాకెట్లోనే ఎర్త్‌ని న్యూట్రల్‌కి కలిపేసి పని నడిపించేస్తారు. దయచేసి ఎవరినీ ఆ పని చేయనివ్వొద్దు, న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే కారు బాడీ మొత్తానికి కరెంటొస్తుంది, వానలో తడిచేత్తో డోర్ పట్టుకునేది మన పిల్లలే కావచ్చు.

సాకెట్ బాక్స్ ఐపీ రేటింగ్ (నీళ్లనీ దుమ్మునీ ఎంత ఆపుతుందో చెప్పే నంబరు) చూసేటప్పుడు ఒక్కటి అడగండి, ప్లగ్ పెట్టి ఉండగా మూత పడుతుందా అని. చాలా బాక్సులకి ఆ రేటింగ్ మూత వేసి ఉన్నప్పుడే వర్తిస్తుంది. వైరు కింది నుంచి గ్లాండ్‌తో (వైరు చుట్టూ బిగుసుకునే బిరడా) లోపలికి రావాలి, పైనుంచి వస్తే నీళ్లు దాని వెంటే దిగుతాయి. ఛార్జర్ డబ్బా బరువు ప్లగ్ మీద వేలాడకుండా గోడకి ఒక కొక్కెం కొట్టించండి.

మొదటిసారి పెట్టాక గంట ఆగి ప్లగ్ పట్టుకుని చూశాను, న్యూట్రల్ వైపు కాస్త ఎక్కువ వెచ్చగా అనిపించింది. మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్‌తో విప్పిస్తే స్క్రూ సగం ఇన్సులేషన్ మీద కూర్చుని ఉంది, రాగి తీగలు రెండు మూడే నొక్కుకుని ఉన్నాయి. వైరు మళ్లీ ఒలిచి గట్టిగా బిగించాక రెండు వైపులా సమానమైంది. మీరూ ఇది తప్పకుండా చూడండి, నెల తర్వాత స్క్రూలు ఇంకోసారి బిగించమనండి, పిన్నుల చుట్టూ గోధుమరంగు కనిపిస్తే సాకెట్ మార్చేయండి.

తర్వాత ఎప్పుడైనా 7.4 కిలోవాట్ల వాల్‌బాక్స్ (గోడకి బిగించే పెద్ద ఛార్జర్) పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే వైరుకి పెద్ద పైపు వేయించండి, ఆ ఛార్జర్ 32 ఆంప్స్ లాగుతుంది, ఈ 4 ఎస్‌క్యూ ఎంఎం వైరు దానికి చాలదు, మీటరు లోడ్ కూడా పెంచుకోవాల్సి రావచ్చు.