హాజరు బోనస్ పెట్టే ముందు

అల్లుడూ,

నెలంతా ఒక్క నాగా లేకుండా వచ్చినవాళ్లకు వెయ్యి రూపాయలు ఇస్తానని మీ మిల్లు గేటు దగ్గర నోటీసు అంటించబోతున్నావట, మీ అత్త చెప్పింది. కాస్త ఆగు. స్పిన్నింగ్ మిల్లు టైమ్ ఆఫీసులో మస్టర్లు, అంటే హాజరు పట్టీలు, రాసీ రాసీ రిటైరైనవాణ్ణి కాబట్టి చెబుతున్నా. వస్తే వెయ్యి, లేదంటే సున్నా అని పెడితే, 3వ తేదీన పిల్లకి జ్వరమొచ్చి ఇంట్లో ఆగిపోయిన మనిషి ఎలాగూ పోయింది కదా అని ఆ నెల్లో ఇంకో రెండు రోజులు తీరిగ్గా మానేస్తుంది.

రోజు లెక్కన కట్టు. రాజస్థాన్‌లో ఉదయ్‌పూర్ పల్లెల్లో సేవా మందిర్ అనే సంస్థ బడులుండేవి, అన్నీ ఏకోపాధ్యాయ బడులే, అయ్యవారు రాకపోతే బడి మూతే. 2003లో కొన్ని బడులకు కెమెరాలిచ్చి పొద్దున, సాయంత్రం పిల్లలతో టీచర్ ఫోటో తీయించారు. నెలకు 20 రోజులొస్తే జీతం వెయ్యి, ఆపైన రోజుకు 50 అదనం, తగ్గితే రోజుకు 50 కోత, ఎంత తగ్గినా 500 మాత్రం ఖాయం. మామూలు బడుల్లో గైర్హాజరు 42 శాతం ఉంటే ఈ బడుల్లో 21 శాతమే. ఒక రోజు పోయినా మర్నాటి రోజుకు విలువ ఉండటమే కిటుకు.

అయితే కోత జోలికి నువ్వు పోకు. పైన ఇచ్చేదే ఇవ్వు, జీతంలోంచి తీసి బోనస్ అని పేరు పెడితే వాళ్లకి లెక్కలు రావనుకోకు, నీకంటే బాగా వచ్చు! ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్ తెచ్చినవాళ్లకు ఆ రోజుల్ని నాగా కింద రాయకు, లేకపోతే జ్వరంతోనే వచ్చి నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మిషన్ దగ్గర తూలిపడతారు. ఇంకోటి, 7న జీతాలిస్తున్నావు కదా, 8వ తేదీ మస్టర్ ఒకసారి తీసి చూడు, జీతం అందిన మర్నాడు నాగాలు ఎన్నున్నాయో. అందుకే బోనస్ జీతంతో కలపకుండా 20న విడిగా ఇవ్వు, చేతికి డబ్బు వచ్చినట్టు తెలుస్తుంది కూడా.

మిరప కోతల్లో మాత్రం నీ బోనస్ పనిచేయదు. పొద్దున్నే ఆటో ఇంటి ముందుకొస్తుంది, కూలీ ఏ రోజుకారోజు చేతిలో పడుతుంది, దానితో పోటీ పడి డబ్బులు తగలెయ్యకు. ఆ రెండు మూడు నెలలకు ఎవరు ఏ వారం పొలానికి పోతారో ముందే అడిగి రాసుకుని, వాళ్ల బదులు పనిచేసేవాళ్లను సిద్ధం చేసుకో.

మీ మామయ్య