బడి ఫీజు మిగులుతుంది సరే, మీ జీతం లెక్కేశారా?

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఆయన జీతం చేతికి 62,000, నాది 28,000. నాకు ఏడేళ్ల సర్వీసు ఉంది. ఇంటి లోను వాయిదా 19,000. బాబుకి ఆరేళ్లు, పాపకి నాలుగు. వచ్చే జూన్ నుంచి బడి మాన్పించి ఇద్దరికీ నేనే ఇంట్లో చదువు చెబుదామనుకుంటున్నాను. ఫీజులు, ఆటో, పుస్తకాలు, యూనిఫాం కలిపి ఏటా 1,25,000 మిగులుతుంది కదా, ఉద్యోగం మానేయనా?

జవాబు: అంత మిగలదండీ. ఇంటి చదువుకీ ఖర్చుంది. పుస్తకాలు, సామగ్రికి 15,000, ప్రింటింగుకీ, అలా బయట తిప్పుకురావడానికీ 9,000, ఈతకో డాన్సుకో ఒక్కొక్కరికి నెలకు 1,500 చొప్పున 36,000. మొత్తం 60,000. అంటే మిగిలేది 65,000. మీ రాకపోకలు, మధ్యాహ్నం తిండి తగ్గి ఇంకో 36,000 కలిసొస్తుందనుకుందాం. పోయే జీతం 3,36,000. పీఎఫ్ మీ జీతంలో 15,000 మీద లెక్కేసి కోస్తుంటే మీ వాటా, కంపెనీ వాటా కలిపి ఏడాదికి 43,200 కూడా ఆగిపోతుంది. నికరంగా లోటు 2,78,000, నెలకు 23,000 పైమాటే. ఇప్పుడు మీ ఆదాయంలో ఐదో వంతున్న లోను వాయిదా మూడో వంతు దగ్గరికి చేరుతుంది.

చాలామంది తప్పటడుగు వేసేది పీఎఫ్ దగ్గరే. మానేశాక పీఎఫ్ సొమ్ము తీసే ఫారం 19తో పాటు, పింఛను వాటాకి పెట్టే 10సి కూడా పెట్టి ఆ సొమ్మూ తీసేసుకుంటారు. పింఛనుకి పదేళ్ల సర్వీసు కావాలి, మీకు ఇంకా మూడేళ్లే తక్కువ. సొమ్ము తీశారంటే ఆ ఏడేళ్లూ గల్లంతే. 10సిలో డబ్బు బదులు, మీ సర్వీసు ఏళ్లని నిలిపి ఉంచే స్కీమ్ సర్టిఫికెట్ అడగండి. పిల్లలు పెద్దయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరితే ఆ ఏళ్లు కలుస్తాయి.

ఆరోగ్య బీమా మీ కంపెనీదైతే మీతో పాటే పోతుంది. సొంత పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకి తప్ప జబ్బులకి క్లెయిము ఉండదు, కాబట్టి రాజీనామాకి రెండు నెలల ముందే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ, ఫ్యామిలీ ఫ్లోటర్ తీసుకోండి. ఆయన పేరిట కోటి రూపాయల టర్మ్ పాలసీ (ఆయనకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా) తప్పనిసరి, ఇకపై ఇల్లంతా ఆ ఒక్క జీతం మీదే నడవాలి. పాపకి సుకన్య ఖాతా ఉంటే మూయాలని చూడకండి, ఏడాదికి 250 కట్టినా బతికే ఉంటుంది. ఆయన పాత పన్ను విధానంలో ఉంటే బడి ట్యూషన్ ఫీజుకి వచ్చే పన్ను మినహాయింపు పోతుంది. ఇంటికొచ్చే మాస్టారి జీతానికి అది రాదు.

మొదట్లోనే ముప్పై నలభై వేల ఇంటి చదువు కిట్లు కొనకండి. ఆరేళ్ల పిల్లాడు రెండు నెలల్లో దాన్ని అటక ఎక్కించేస్తాడు. ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు నెట్‌లో ఉచితం, కథల పుస్తకాలకి లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లు చాలు. బడికి వెళ్లకుండా రాసే ఓపెన్ స్కూల్ పదో తరగతికి 14 ఏళ్లు నిండాలి కనుక, ఆ పరీక్ష ఫీజుల గురించి ఇప్పుడే తల పట్టుకోనక్కర్లేదు.

దసరా నుంచి సంక్రాంతి దాకా, నాలుగు నెలలు, మీ జీతం వచ్చిన రోజే మొత్తం వేరే ఖాతాకి పంపి ఆయన 62,000తోనే ఇల్లు నడపండి. ఖర్చు ఎక్కువుండే నెలలని కావాలనే చెబుతున్నాను. నెగ్గితే 1,12,000 చేతిలో ఉంటుంది, దాన్ని ఆరు నెలల ఇంటి ఖర్చుకి సరిపడా పెంచాక రాజీనామా ఇవ్వండి. మధ్యలో రెండుసార్లు ఆ ఖాతాలో చెయ్యి పెట్టాల్సి వస్తే మాత్రం, మానేసే బదులు ఒంటిపూట పని ఇస్తారేమో మీ ఆఫీసులో అడిగి చూడండి.