నల్ల లేసు గౌను, అరకు చలి

ప్రశ్న: అక్కా, జనవరి మొదటి వారంలో ఫ్రెండ్స్‌తో అరకు వెళ్తున్నాం. నాకు గోతిక్ స్టైల్ అంటే, అదే నల్లబట్టలు, లేసు, ముదురు మేకప్, పిచ్చి. ఆన్‌లైన్‌లో నల్ల లేసు గౌను తెప్పించుకున్నాను, చేతులంతా పల్చటి జాలీయే. పైన జెర్కిన్ వేస్తే గౌను కనపడదు, వెయ్యకపోతే చలికి బిగుసుకుపోతాను. మా నానమ్మేమో "ఏటే ఆ నల్లబట్టలు, ఎవులు పోనారు?" అని ఒకటే గొడవ. ఏం చెయ్యమంటారు?
- డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: ముందు ఆ జెర్కిన్ ఇంట్లో వదిలెయ్యి. ఈ గోతిక్ ఫ్యాషన్ పుట్టిందే చలిదేశంలో, 1970ల చివర ఇంగ్లండ్‌లో. 1982లో లండన్‌లో బ్యాట్‌కేవ్ అనే క్లబ్ తెరిచాక బాగా పాకింది. అందులో వెల్వెట్, పొడుగు కోట్లు, బూట్లు అన్నీ ఉంటాయి. మన విజయనగరం ఎండల్లో ఏప్రిల్‌లో వేసుకుంటే ఉడికిపోతావు గానీ, అరకు చలికి ఇది సరైన బట్టే. వెచ్చదనం మాత్రం పైన కాదు, లోపల పెట్టుకోవాలి.

గౌను కింద ఒంటికి అతుక్కునే ఫుల్ హ్యాండ్స్, హైనెక్ థర్మల్ (చలికి లోపల వేసుకునే బనీను) వెయ్యి. నల్లది కొనకు! నల్ల లేసు కింద నల్లదే ఉంటే లేసులో పువ్వులు, తీగలు ఏమీ కనపడవు, డబ్బులు దండగ. ముదురు మెరూన్ వేసి చూడు, చేతులకి గోరింటాకు పెట్టుకున్నట్టు డిజైన్ మొత్తం పైకి తేలుతుంది. కింద ఉన్ని లైనింగ్ ఉన్న లెగ్గింగ్స్, దాని మీద సాక్సు. మందపాటిది ఒకటి వేసుకునే కంటే పల్చటివి రెండు వేసుకుంటే మధ్యలో గాలి నిలిచి ఎక్కువ వెచ్చగా ఉంటుంది. కాటన్ మాత్రం ఒంటికి తగిలేలా వద్దు. పొందూరు ఖద్దరంటే నాకు ప్రాణమే, కానీ పొద్దున్నే మంచులో తడిసిందంటే ఏ నూలు బట్టైనా ఓ పట్టాన ఆరదు, అలాగే చల్లగా ఒంటికి అంటుకుని ఉంటుంది.

పైకి ఒక నల్ల ఉన్ని శాలువా చాలు. చలికాలం రోడ్డు పక్కన స్వెట్టర్లు పరుచుకుని అమ్ముతారు చూడు, వాళ్ల దగ్గర బేరమాడి కొను. భుజాల మీదుగా వేసి మెడ దగ్గర పెద్ద పిన్ను పెడితే అచ్చం కేప్‌లా, అంటే చేతుల్లేని పొడుగు కోటులా ఉంటుంది. వెండి గొలుసులు, శిలువలు లాంటివి మెడకి తగలకుండా హైనెక్ మీద వేసుకో, చలిలో లోహం ఎంత చల్లగా ఉంటుందో ఒకసారి తగిలితే తెలుస్తుంది. ముదురు రంగు లిప్‌స్టిక్ పగిలిన పెదాల మీద గీతలు గీతలుగా కనిపిస్తుంది కాబట్టి ముందు కాస్త నెయ్యి రాసి, తుడిచి, అప్పుడు వేసుకో. ఈ స్టైల్ వాళ్లలా మొహానికి తెల్లపిండి మాత్రం పూయకమ్మా, మన చామనఛాయ మీద మెరూన్, కాటుక చాలు, ఇంకా బావుంటుంది.

దారిలో బొర్రా గుహలకి కూడా వెళ్తారేమో, అక్కడ మెట్లు తడిగా ఉంటాయి, ఎత్తు మడమల బూట్లు వద్దు. లోపల ఉక్కగా కూడా ఉంటుంది, శాలువా తీసి బ్యాగులో పెట్టుకో. గౌను అంచు నేల మీద ఈడుస్తుంటే ముందే టైలర్ దగ్గర నాలుగు వేళ్లు పైకి మడిపించు.

ఇక నానమ్మ. ఆవిడ అడిగిన దాంట్లో తప్పులేదు, విక్టోరియా రాణి 1861లో భర్త పోయాక బతికినన్నాళ్లూ నలుపే కట్టింది, ఈ ఫ్యాషన్‌లో ఆ ఛాయలు చాలా ఉన్నాయి. కానీ ఈ విషయం నానమ్మకి చెప్పకు! అయ్యప్ప మాల వేసుకున్న స్వాములు సంక్రాంతి దాకా నలుపులోనే తిరుగుతారు కదా, పసిపిల్లకి పెట్టే దిష్టిచుక్క కూడా నలుపే కదా అని అడిగి చూడు. నల్లపూసలు మాత్రం అడిగి మెడలో వేసుకోకు, అది ఇంకో పంచాయితీ.

ప్రశ్న: నల్ల డ్రెస్సు నాలుగు ఉతుకులకే బూడిద రంగుకి తిరిగింది. - శ్రీకాకుళం

జవాబు: వేడినీళ్లు, ఎండ, ఈ రెండే కారణం అయ్యుంటాయి. తిరగేసి చన్నీళ్లలో ఉతికి, నీడలో ఆరెయ్యండి. పోయిన రంగు తిరిగి రాదు, అద్దకం వాళ్లకి ఇచ్చెయ్యండి.