ఏ బంతికి, ఏ చరణంలో?

అమ్మాయీ,

ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు వ్యాసాలూ చదివాను. క్రికెట్ మీద ఒకటి, పాత సినిమా మీద ఒకటి, పాటల మీద ఒకటి. మూడింట్లోనూ ప్రేమ పొంగిపొర్లుతోంది. మూడింట్లోనూ ఒకటే లోటు. 'అద్భుతం', 'మరపురానిది', 'ఒళ్లు గగుర్పొడిచింది' అని రాశావు గానీ, ఏ బంతికి, ఏ షాట్‌లో, ఏ చరణంలో ఏ మాట దగ్గర అన్నది చెప్పలేదు. నీ ఒళ్లు గగుర్పొడిచిందంటే చదివేవాళ్లు నమ్ముతారు, అంతటితో సరి. ఆ చోటు ఎక్కడుందో చూపిస్తే తామే వెళ్లి చూసుకుంటారు, వింటారు. అభిమాని రాతకు నేను అడిగేది ఈ ఒక్కటే.

ముందు లక్ష్మణ్ సంగతి. 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో కొట్టిన 281 గురించి నువ్వు రాసిన పేజీలో 'లక్ష్మణ్, ద్రావిడ్ రెండు రోజులపాటు అవుట్ కాకుండా నిలబడ్డారు' అని ఉంది. అలా జరగలేదు. మూడో రోజు ఆట ముగిసేసరికి రెండో ఇన్నింగ్స్‌లో భారత్ 4 వికెట్లకు 254. లక్ష్మణ్ 109, ద్రావిడ్ 7. నాలుగో రోజు పొద్దున మొదలుపెట్టి సాయంత్రం దాకా ఒక్క వికెట్టూ పడలేదు. ఆట ఆగేసరికి స్కోరు 589, లక్ష్మణ్ 275, ద్రావిడ్ 155. ఐదో రోజు పొద్దున లక్ష్మణ్ 281 దగ్గర అవుటయ్యాడు, భాగస్వామ్యం 376 దగ్గర తెగింది. అంటే నిండుగా ఒక రోజు, దానికి అటూ ఇటూ కాస్త. ఇష్టమైనదాన్ని జ్ఞాపకం పెంచి చూపిస్తుంది, రెండు రోజులు అలా వచ్చినవే. కానీ ఉన్న లెక్కే నీ వాక్యం కన్నా గొప్పగా లేదూ? ఎదుట వరసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా జట్టు. మెక్‌గ్రాత్, గిలెస్పీ, కాస్ప్రోవిచ్, వార్న్ బౌలింగ్. ఒక రోజంతా 335 పరుగులు, వికెట్ లేదు. ఇంతే రాసి ఊరుకో, విశేషణం అక్కర్లేదు.

పద్ధతి చెబుతాను. మొదటి ప్రతి ఏదీ తెరవకుండా, పూర్తిగా జ్ఞాపకం మీద రాయి. నీకేది ముఖ్యమో దానివల్లే తెలుస్తుంది. ముందే స్కోర్‌కార్డు తెరిస్తే వ్యాసం స్కోర్‌కార్డు నడిచినట్టే నడుస్తుంది, నువ్వు కనబడవు. రాసిన తర్వాత ప్రతి అంకె కింద, ప్రతి పేరు కింద, 'మొదటిసారి', 'చివరి', 'అందరికన్నా' అన్న ప్రతి మాట కింద పెన్సిల్‌తో గీత గీయి. గీత పడ్డ ప్రతిదాన్నీ సరిచూడు. తేలనిదాన్ని కొట్టెయ్. 'బహుశా' తగిలించి ఉంచుకోవద్దు. ఈ మ్యాచ్‌లోనే ఒక ఉచ్చు ఉంది చూడు: భారత్ మొదటి ఇన్నింగ్స్ 171, చివరికి గెలిచింది కూడా 171 పరుగుల తేడాతోనే. ఒకదాని స్థానంలో ఇంకొకటి రాసేసినా కన్ను పట్టుకోదు.

సరిచూస్తుంటే నువ్వు వదిలేసిన మలుపు కూడా బయటపడుతుంది. మొదటి ఇన్నింగ్స్‌లో లక్ష్మణ్ ఆరో స్థానంలో దిగి 59 కొట్టి, చివరి వికెట్‌గా వెనుదిరిగాడు. ఫాలో ఆన్‌లో, అంటే బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కు దిగాల్సి వచ్చినప్పుడు, అతన్ని మూడో స్థానంలో పంపారు. మూడులో ఆడే ద్రావిడ్ ఆరుకి జరిగాడు. ఈ ఒక్క మార్పు చెప్పకుండా ఆ ఇన్నింగ్స్ గురించి ఎంత రాసినా కథకు తలుపు ఉండదు.

ఇక 'మణికట్టు మాయాజాలం'. ఈ మాట ఇప్పటికి ఎంతమంది రాశారో! అది నీకు కనిపించినది కాదు, ఎక్కడో చదివినది. మళ్లీ చూడు. వార్న్ లెగ్ స్టంప్ బయట, బౌలర్ల అడుగులతో గరుకైపోయిన చోట బంతి వేస్తున్నాడు. లెగ్ స్పిన్ కాబట్టి అక్కడ పడ్డది కుడిచేతి బ్యాటర్ ఒంటి మీదుగా ఆఫ్ వైపు తిరుగుతుంది. ఎవరైనా ప్యాడ్ అడ్డం పెడతారు, లేదా స్వీప్‌కు పోతారు. లక్ష్మణ్ క్రీజు వదిలి ముందుకొచ్చి ఒకదాన్ని ఆఫ్ పక్కన కవర్స్ వైపు తోసేవాడు, అలాంటిదే ఇంకోదాన్ని స్పిన్‌కు ఎదురుగా లెగ్ పక్కన మిడ్‌వికెట్ వైపు తిప్పేవాడు. ఒకే చోట పడ్డ బంతి రెండు దిక్కులకు పోతుంటే కెప్టెన్ ఫీల్డర్‌ను ఎక్కడ నిలబెడతాడు? మణికట్టు చేసిన పని ఇది. ఇలా రాస్తే మాయ అనే మాట అవసరమే పడదు.

బంతిని రాయాలంటే కావలసినవి: ఎవరు వేశారు, వికెట్‌కు ఏ వైపు నుంచి, ఎక్కడ పడింది, బ్యాటర్ కాలు ఎటు కదిలింది, బంతి ఏ ఇద్దరి మధ్య నుంచి పోయింది. వ్యాసం మొత్తానికి ఇలాంటి బంతులు రెండు చాలు. పది రాస్తే కామెంటరీ అవుతుంది. ఆ రెండూ అన్నిటికన్నా గొప్పవి కానక్కర్లేదు, ఆ ఆట తీరు మొత్తం తెలిసేవి కావాలి. ఎంచుకోవడానికి నాలుగైదు ఓవర్లు శబ్దం తీసేసి చూడు. కామెంటేటర్ గొంతు ఉన్నంతసేపూ ఆయన మెచ్చుకున్న బంతే నీకూ నచ్చుతుంది.

ఇంకొకటి, నీ వ్యాసం 281 దగ్గరే ఆగిపోయింది. ఐదో రోజు టీ తర్వాత ఆస్ట్రేలియా 3 వికెట్లకు 166 నుంచి 8 వికెట్లకు 174 అయింది. ఎనిమిది పరుగుల్లో ఐదు వికెట్లు! హర్భజన్ ఆ మ్యాచ్‌లో పదమూడు తీశాడు. టెండూల్కర్ మూడు తీశాడు. వాళ్లు లేకపోతే ఆ 281 గొప్ప డ్రాగా మిగిలేది. అభిమానం ఒకడి మీద ఉండొచ్చు. గెలుపును మాత్రం అందరికీ పంచాలి.

బ్యాడ్మింటన్ పేరాలో ఒక పోలిక తీసెయ్. గోపీచంద్ 2001 ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ 15-12, 15-6. సింధు 2019 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 21-7, 21-7. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరిది పెద్ద గెలుపో తేల్చావు. గోపీచంద్ రోజుల్లో సర్వీస్ చేసినవాళ్లు ర్యాలీ గెలిస్తేనే పాయింటు. సర్వీస్ ఎవరిదైనా ర్యాలీ గెలిస్తే చాలు పాయింటు వచ్చే 21 పాయింట్ల పద్ధతి 2006లో వచ్చింది. ఆ అంకెలు ఒక తూనికలో తూగవు. సింధు గురించి రాయాలని ఉంటే, బాసెల్‌లో 38 నిమిషాల్లో గెలిచిన ఆ 2019 ఫైనల్ కన్నా 2017 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో, గ్లాస్గోలో జపాన్ అమ్మాయి ఒకుహరా చేతిలో 110 నిమిషాలు ఆడి ఓడిన ఫైనల్ ఎంచుకో. 19-21, 22-20, 20-22. రెండో గేమ్ చివరి పాయింటు 73 షాట్ల ర్యాలీ. ఒక్కొక్క షాటూ లెక్కపెడుతూ చూడు, ఎక్కడ ఎవరి అడుగు బరువెక్కిందో నీకే కనిపిస్తుంది. ఓడిన మ్యాచ్‌లో రాయడానికి ఎప్పుడూ ఎక్కువ దొరుకుతుంది.

సినిమా వ్యాసంలో ఇబ్బంది వేరు. 1957 నాటి 'మాయాబజార్'లో ఉన్నదంతా కె.వి. రెడ్డి గారికే రాసిచ్చేశావు. 'వెన్నెల కురిపించారు' అన్నావే, ఆ కెమెరా మార్కస్ బార్ట్‌లీది. ఆ మాటలు పింగళి నాగేంద్రరావు గారివి. పడవ పాటలో నువ్వు మెచ్చుకున్న బాణీ సాలూరి రాజేశ్వరరావు గారు మధ్యలో తప్పుకునే ముందు కట్టినవాటిలో ఒకటి. మిగతా పని పూర్తిచేసినది ఘంటసాల గారు, టైటిల్స్‌లో ఉన్నది ఆయన పేరే. ఇది రెండు వాక్యాల పని, కానీ పాటల మీద పట్టున్న పాఠకుడు ముందు వెతికేది ఆ రెండు వాక్యాలే. దర్శకుడికి ఏది ఇవ్వాలో తెలియాలంటే ఒక పరీక్ష ఉంది: ఆ సీన్‌లో ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఎవరి ముఖం ముందు చూపించారు, ఎప్పుడు కట్ చేశారు, ఏది చూపించకుండా వదిలేశారు. అది దర్శకుడి ఖాతా. అది కూడా కొంత ఎడిటర్‌తో ఉమ్మడి.

సీన్‌ను రాసే ముందు మూడు విడతలుగా చూడు. ఒకసారి మామూలుగా, కాగితం లేకుండా. రెండోసారి శబ్దం లేకుండా, షాట్లు లెక్కపెడుతూ. రెండు నిమిషాల సీన్‌లో ఎనిమిది షాట్లుంటే నటుల మీద భారం వేసినట్టు. నలభై ఉంటే భారమంతా కట్టింగ్ మీద ఉంది. మూడోసారి కళ్లు మూసుకుని విను. సంగీతం ఎక్కడ మొదలైందన్నది కాదు, ఎక్కడ ఆగిందన్నది రాసుకో. పాత సినిమాల్లో నిశ్శబ్దాన్ని చాలా పొదుపుగా, సరిగ్గా వాడారు. దాని గురించి రాసేవాళ్లు తక్కువ.

పాత సినిమాను టీవీ నుంచి రికార్డు చేసిన కాపీలో చూసి, 'ఏడు నిమిషాలు కోసేశారు' అని ఆవేశపడ్డావు. తొందరపడకు. సినిమా ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు. మన పాత టీవీ పద్ధతి సెకనుకు 25. 24తో తీసింది 25తో నడిస్తే మూడు గంటల సినిమా రెండు గంటల యాభై మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క సీనూ పోకుండానే. సెన్సార్ సర్టిఫికెట్ మీద నిడివి ఉంటుంది, దానితో పోల్చి చూశాకే కోత మాట ఎత్తు.

పాటలకు ఈ వేగం గొడవ ఇంకా ముఖ్యం. వేగం పెరిగితే శ్రుతి కూడా పైకి జరుగుతుంది. ఆ 24, 25 తేడాకే హార్మోనియం మీద ఇంచుమించు పక్క మెట్టు దాకా వెళ్తుంది. నువ్వు 'ఫలానా శ్రుతిలో పాడారు' అని ధీమాగా రాసిన చోట రెండు వేర్వేరు కాపీలు పెట్టి హార్మోనియంతో చూసుకో. రెండూ కలిస్తేనే రాయి. పాత పాటలకు తర్వాత రోజుల్లో కొత్త తాళవాద్యాలు కలిపి స్టీరియో అంటూ అమ్మినవి కూడా తిరుగుతున్నాయి. అందులో విన్న డ్రమ్స్‌ను ఆనాటి సంగీత దర్శకుడి ప్రతిభగా పొగిడితే అన్యాయం. పది అంగుళాల 78 ఆర్‌పీఎం రికార్డుకు ఒక పక్క మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర పట్టేది. అందుకని రికార్డులో ఒక చరణం లేకపోవడం, సినిమాలో ఉండటం సహజం. ఏది విని రాస్తున్నావో ఒక మాటలో చెప్పెయ్.

'శంకరాభరణం' పాటల గురించి రాస్తూ వేటూరి గారు బాణీలో మాటలు ఎంత చక్కగా పొదిగారో అన్నావు. కె.వి. మహదేవన్ గారు సాధారణంగా పాట చేతికొచ్చాకే బాణీ కట్టేవారు. తెలుగు ఆయన మాతృభాష కాదు, అయినా ఆ పద్ధతే. కాబట్టి నీ మెచ్చుకోలు తిరగబడాలి: మాట పొడవుగా ఉన్న చోట రాగం ఎలా సాగింది, పదం విరగకుండా ఊపిరి ఎక్కడ తీసుకునేలా కట్టారు, ఇది చూడాలి. బాలసుబ్రహ్మణ్యం గారు శాస్త్రీయ సంగీతం క్రమంగా నేర్చుకోని మనిషి అని అందరూ రాస్తారు. అది రాసి ఆగిపోకు. ఒత్తక్షరం, దీర్ఘం, అనుస్వారం ఆయన ఎలా పలికారో ఒక పాదం తీసుకుని రాయి. తెలుగు చదివేవాడికి అది వెంటనే వినిపిస్తుంది.

రాగం పేరు దగ్గర జాగ్రత్త. మోహన రాగంలో మధ్యమం (మ), నిషాదం (ని) ఉండవు. చరణంలో ఎక్కడైనా నిషాదం తగిలిందంటే 'మోహన ఆధారంగా' అనాలి. స్వరాలు పోల్చుకోవడం రాకపోతే రాగం పేరు అసలు ఎత్తకు, పాట గురించి రాయడానికి అదొక్కటే దారి కాదు. తాళం మాత్రం ఎవరైనా లెక్కపెట్టొచ్చు. తొడ మీద వేళ్లతో కొట్టు. ఏడుకి తిరిగి వస్తే మిశ్ర చాపు, ఐదుకి వస్తే ఖండ చాపు. పల్లవి మొదటి మాట దెబ్బ మీద పడిందా, దెబ్బ దాటాక ఎత్తుకున్నారా అన్నది గమనించు. ఒక పాటలో ఉన్న తొందర, ఇంకో పాటలో ఉన్న నిదానం చాలాసార్లు అక్కడే పుడతాయి.

వసూళ్ల జోలికి పోవద్దనే నా సలహా. పోవాలనుకుంటే గ్రాస్, షేర్ కలపకు. టికెట్ల మొత్తం గ్రాస్. అందులోంచి పన్నులు, థియేటర్ అద్దె పోగా డిస్ట్రిబ్యూటర్‌కు మిగిలేది షేర్. అతను కొన్న ధరకు షేర్ ఎదురొచ్చిందా లేదా అన్నదే హిట్టు, ఫ్లాపు. నైజాంలో (తెలంగాణ) లాభం, సీడెడ్‌లో (రాయలసీమ) నష్టం ఒకే సినిమాకు రావచ్చు. పోస్టర్ మీద అంకె దేనిదో పోస్టర్ చెప్పదు.

నువ్వు ఎవరి అభిమానివో మొదటి పేరాలోనే ఒక్కసారి చెప్పు, మళ్లీ ఎత్తకు. నీ హీరో సరిగా చేయని సినిమా గురించి కూడా ఇదే శ్రద్ధతో, ఏ సీన్‌లో ఎందుకు తేలిపోయిందో చూపించి రాయి. అప్పుడు నీ పొగడ్తకు విలువ వస్తుంది. ఎదుటివాడి హీరోను తక్కువ చేసే వాక్యం నీ మూడు వ్యాసాల్లోనూ ఒక్కొక్కటి ఉంది. మూడూ తీసెయ్.

ముందు లక్ష్మణ్ వ్యాసమే తిరగరాయి. ఎనిమిది వందల మాటలు దాటనివ్వకు. నాలుగో రోజు మీద సగం, బ్యాటింగ్ క్రమం మార్పు మీద ఒక పేరా, ఐదో రోజు టీ తర్వాతి ఆట మీద ఒక పేరా, వార్న్ బంతులు రెండు. పెన్సిల్ గీతలున్న పాత ప్రతి కూడా దానితోపాటే పంపు. పాటల వ్యాసం ఆ తర్వాత చూద్దాం, ఈలోగా హార్మోనియం ఎక్కడైనా దొరుకుతుందేమో కనుక్కో.

శుభం.