పిన్‌బాల్ గేమ్ రెజ్యూమెలో పెట్టొచ్చా?

ప్రశ్న: ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పాత పిన్‌బాల్ టేబుళ్లను (బంతి కిందికి జారిపోకుండా కొడుతూ ఆడే ఆట బల్లలు) ‘గేమ్ బాయ్ అడ్వాన్స్’ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రంలో ఆడేలా సి భాషలో రాస్తున్నాను. మూడు మొదలుపెట్టాను, ఒక్కటీ పూర్తి కాలేదు. ‘ఆ ఆటలు మానేసి ఏదైనా కోర్సులో చేరు’ అంటున్నారు నాన్న. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

జవాబు: పనికొస్తుంది, పూర్తి చేస్తే. మూడింటిలో ఒకటి ఉంచుకుని మిగతా రెండూ పక్కన పెట్టేయండి. సగం చేసిన పనిని ఇంటర్వ్యూలో ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మీరు ఎంచుకున్న పరికరం తేలికైందేమీ కాదు. 2001లో వచ్చిన ఆ బుల్లి యంత్రం ప్రాసెసర్ వేగం సుమారు 16.8 మెగాహెర్ట్జ్. ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ (దశాంశాల లెక్కలు చేసే భాగం) లేదు, భాగహారానికి ఇన్‌స్ట్రక్షనే (ప్రాసెసర్‌కు నేరుగా ఇచ్చే ఆదేశం) లేదు. తెర 240 × 160 పిక్సెళ్లు. మామూలు సైజు టేబుల్ పొడవు 42 అంగుళాలు, బంతి వ్యాసం 27 మిల్లీమీటర్లు. టేబుల్ అంతా ఒకేసారి కనిపించేలా ఇరికిస్తే బంతి 4 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. వెడల్పుకు సరిపెట్టి తెరను పైకీ కిందికీ జరిపితే బంతి 12 పిక్సెళ్లు ఉంటుంది గానీ, అది పైనున్నప్పుడు కింద బంతిని కొట్టే రెక్కలు, అంటే ఫ్లిప్పర్లు కనబడవు. వీటిలో మీరు దేన్ని ఎంచుకున్నారో, ఎందుకో చెప్పగలగాలి.

అసలు తలనొప్పి బంతి ఫ్లిప్పర్‌లోంచి దూరిపోవడం. మీకూ ఎదురయ్యే ఉంటుంది. బంతి సెకనుకు 3 మీటర్ల వేగంతో వస్తోందనుకోండి. సెకనుకు 60 ఫ్రేముల (తెరపై వరుసగా మారే బొమ్మల) చొప్పున ఒక్కో ఫ్రేముకు 5 సెంటీమీటర్లు, అంటే తన వ్యాసానికి దాదాపు రెట్టింపు దూరం జరుగుతుంది. ఈ ఫ్రేములో ఫ్లిప్పర్‌కు పైన ఉంటుంది, తర్వాతి ఫ్రేములో కింద తేలుతుంది. మధ్యలో తగిలిన సంగతి ప్రోగ్రామ్‌కు తెలియనే తెలియదు. ఫ్రేమును చిన్న అడుగులుగా విడగొట్టి, అడుగడుగునా తగిలిందో లేదో చూడాలి. అడుగులు పెరిగేకొద్దీ ప్రాసెసర్‌కు ఊపిరాడదు. ఎన్ని వేస్తే ఎంత సమయం పట్టిందో కొలిచి, బంతి దూరిపోయిన వీడియో, సరిచేశాక తీసిన వీడియో కోడ్ పక్కనే పెట్టండి. ‘పాత ఆటలంటే ఇష్టం’ అని హాబీల్లో రాసుకోవడం కంటే ఇది వంద రెట్లు నయం.

అయితే కేవలం పిన్‌బాల్ గేములు తీసే ఉద్యోగాలు వేళ్లమీద లెక్కపెట్టేటన్ని. వాటినే నమ్ముకోవద్దు. మీ చేతికి వచ్చిన పని ఎంబెడెడ్ రంగంలో, అంటే పరికరాల్లోపల ఉండే చిన్న కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే చోట, సూటిగా పనికొస్తుంది. కార్టెక్స్-ఎం0 లాంటి చిన్న ప్రాసెసర్లలోనూ ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్, భాగహార ఇన్‌స్ట్రక్షన్ ఉండవు. ఫిక్స్‌డ్ పాయింట్‌లో (దశాంశాలను పూర్ణ సంఖ్యలతోనే నెట్టుకొచ్చే పద్ధతిలో) లెక్క కట్టే అలవాటు అక్కడ నేరుగా అక్కరకొస్తుంది. గేమ్ ఇంజన్ల (గేములను నడిపించే మూల సాఫ్ట్‌వేర్) వైపే వెళ్లాలనుంటే సి++, లీనియర్ ఆల్జీబ్రా తప్పవు.

ఒక హెచ్చరిక. టేబుల్ పేరుకూ బొమ్మలకూ హక్కుదారులుంటారు. లైసెన్స్ గడువు తీరగానే 2018లో ‘ది పిన్‌బాల్ ఆర్కేడ్’ అనే వీడియో గేమే విలియమ్స్, బాలీ అనే పిన్‌బాల్ కంపెనీల టేబుళ్ల అమ్మకం ఆపేయాల్సి వచ్చింది. కాబట్టి అందరికీ చూపించే టేబుల్‌కు పేరూ బొమ్మలూ మీ సొంతమే ఉండాలి.

ఇక నాన్నగారి మాట. ఆయన చూస్తున్న కోర్సు ఎంబెడెడ్ సి అయితే మారు మాట్లాడకుండా చేరండి. కాకపోతే ఈ సెమిస్టర్ చివరికల్లా ఒక టేబుల్ పూర్తిచేస్తానని గడువు చెప్పి, ఆ రోజు ఆయన చేతికే ఇచ్చి ఆడించండి.